మూడో భాగం దాకా కూర్చున్న మనిషి

మా అబ్బాయి ఫోన్లోంచి శంఖం మోత, దాని వెనకే అలల హోరు వినబడ్డాయి. గరిటె బాణలిలోనే వదిలేసి హాల్లోకి వచ్చాను. ఇరవై ఏళ్ల కిందటి సీరియల్ అది. ఓడ మునిగి, మనుషుల్లేని దీవిలో చిక్కుకున్న పదకొండు మంది కథ. "మొదటి సీజన్ ఒక్కటే చూడాలమ్మా, తర్వాతవి శుద్ధ దండగ" అన్నాడు వాడు. ఒకప్పుడు ఆ మాటే నేనూ అన్నాను, అంతే విసురుగా. అన్నది గురవన్నతో.

రుద్రవరం దాటాక అడవి అంచున ఉన్న చెంచు కాలనీ బడిలో నాకు మొదటి ఉద్యోగం. నంద్యాలలో బస్సెక్కి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డలో దిగి, మరో బస్సు, ఆటో మారి చేరేసరికి చీర కుచ్చెళ్ల నిండా దుమ్ము. గురవన్న అటవీ శాఖలో వాచరు, ఆ కాలనీకి పెద్ద. మొదటి ఏడు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని బడికి తెచ్చాను. అధికారులొచ్చి మెచ్చుకున్నారు, పేపర్లో నా ఫొటో పడింది, మా చర్చిలో పేరు పెట్టి ప్రార్థన చేశారు. దాచడమెందుకు, ఆ ఏడాది నేను నేల మీద నడవలేదు. వచ్చినవాళ్లలో ఎవరో బడికి ఒక టీవీ ఇచ్చారు. శనివారం మధ్యాహ్నాలు అందులో ఆ సీరియల్ తెలుగులో వచ్చేది.

మొదటి భాగం, అంటే ఇప్పటి లెక్కలో మొదటి సీజన్, నడిచినన్నాళ్లూ కాలనీ అంతా బడి వరండాలోనే. దీవిలోవాళ్లు దాహంతో అల్లాడుతుంటే ఇక్కడ అందరికీ నవ్వు. "ఆడ మద్ది చెట్టు లేదేందప్పా? గాటు పెడితే నీళ్లు కారతాయి గదా" అని గురవన్న టీవీకే చెప్పేవాడు. దొరికిన ఒక్క చేపను వాళ్లు పదకొండు ముక్కలు చేసిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

రెండో భాగంలో దీవిలో గుడిసెలు లేచాయి, తిండికి లోటు లేకుండా పోయింది, తగాదాలు మొదలయ్యాయి. వరండా పలచబడింది. మూడో భాగానికి మిగిలింది గురవన్నా నేనూ. నా బడి కూడా అలాగే తయారైంది. పిల్లలు సగానికి సగం మానేశారు, అధికారులు మళ్లీ తొంగిచూడలేదు. నంద్యాలకు బదిలీ కోరుతూ రాసిన అర్జీ నా సంచిలో ఉంది, సోమవారం ఇచ్చేయాలని. ఆ శనివారం సీరియల్ సగంలోనే లేచాను.

"ఏందీ, లేస్తాండావా టీచరమ్మా?"

"ఏముందన్నా ఇందులో? మొదటిదాని ముందు ఇది ఎందుకూ పనికిరాదు. ఎప్పుడు చూసినా కొట్లాటే."

ఆయన టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "మేమూ అంతే గదమ్మా. అడవి లోపల ఉన్నప్పుడు ఒక్క గడ్డ దొరికినా అన్ని గుడిసెలకూ ముక్క పోతాండె. ఈడికి తెచ్చి బియ్యమిచ్చిరి. మొదటేడు అందరూ వచ్చిరి, ఫొటోలు తీసిరి. కడుపు నిండినాంక తలుపులేసుకొని తినేది నేర్చినాం. మా తమ్ముడు మద్దిలేటిది పక్కిల్లే. మూడేండ్లాయ మాట్లాడుకోక. అది చూసేదానికి ఒక్కడూ రాల్యా." అప్పుడు నా వైపు తిరిగాడు: "ఆకలప్పుడు కలిసుండేది ఏం గొప్ప? అసలు కష్టం ఇప్పుడే. చూడబుద్ధి కాదు, నిజమే. మనం గూడా లేచిపోతే ఎట్లమ్మా?"

అర్జీ సంగతి ఆయనకు తెలుసో లేదో నాకిప్పటికీ తెలీదు. సిగ్గేసింది. కూర్చున్నాను.

సోమవారం మళ్లీ ఇంటింటికీ బయల్దేరాను. "నేనూ వస్తా పద" అని గురవన్న వెంట వచ్చాడు. మద్దిలేటి కూతురు బడి మానేసి రెండు నెలలైంది. ఆ తలుపు ముందు ఆయన చాలాసేపు నిలబడిపోయాడు. నేనే కొడదామని చెయ్యెత్తితే వద్దన్నాడు.

"మద్దిలేటీ, తలుపు తియ్."

 లోపల గడియ తీసిన శబ్దమైంది. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. "పిల్లను బడికి పంపు" అన్నాడు గురవన్న. తమ్ముడు పక్కకు జరిగి, "లోపలికి రా" అన్నాడు. నాకు ఏడుపొచ్చి అటు తిరిగాను.

ఆ పిల్ల మర్నాడు వచ్చింది. నేను ఆ బడిలో ఎనిమిదేళ్లు ఉన్నాను. త్యాగమేం కాదు, అర్జీ ఇచ్చేద్దామనుకున్న సోమవారాలు ఇంకా చాలా ఉన్నాయి. నా ఫొటో మళ్లీ ఎక్కడా పడలేదు. ఆ ఛానెల్ వాళ్లు సీరియల్‌ను మధ్యలోనే ఆపేశారు. గురవన్న దాని ముగింపు చూడకుండానే పోయాడు.

"మిగతావీ పెట్టరా" అన్నాను అబ్బాయితో.

"బోర్ కొడుతుందమ్మా."

"కొట్టనీ."

వాడన్నదీ అబద్ధం కాదు. మూడో భాగంలో అక్కర్లేని తుఫానులున్నాయి, సాగదీసిన ఏడుపులున్నాయి. గోడకు అటొకరు ఇటొకరు కూర్చుని మాట్లాడుకోని ఇద్దరు మనుషులూ ఉన్నారు. వాడు మధ్యలో లేచి వెళ్లిపోయాడు. నేను లేవలేదు.