హిల్కా మాటలు మోసిందెవరు

కెనడాలోని థండర్ బే ఊళ్లో ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపింది హిల్కా కొస్కెలా. వెనక సీట్లలో ఎవరేం చేస్తున్నారో తల మీది అద్దంలోంచి కనిపెట్టడమే ఆ ఉద్యోగంలో సగం పని. రిటైరై ఆరేళ్లయింది గానీ ఆ చూపు మాత్రం రిటైరవలేదు. టీవీలో పాటల పోటీ మొదలైన వారానికే, "గెలిచేదెవరో వీళ్లు ముందే అనేసుకున్నారు. చూడండి, కెమెరా ఆ పిల్ల తల్లి మీద నుంచి కదిలితే ఒట్టు" అనేది. వాతావరణం చెప్పే ఆయన మంచు తుఫానంటే, మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు అమ్ముకునేవాళ్లతో ఆయనకేదో లోపాయికారీ ఒప్పందం ఉందనేది. తను వాకిలి శుభ్రం చేసుకున్న పది నిమిషాలకే మంచు తీసే బండి వచ్చి రోడ్డు మీది మంచునంతా తన వాకిట్లోకి నెట్టిపోవడం అనుకోకుండా జరుగుతోందంటే చచ్చినా నమ్మదు.

"మూల మలుపులో ఇంజను ఆపుకుని కూచుంటాడు వాడు. నేను పార లోపల పెట్టేదాకా రాడు."

ఇవన్నీ రోజూ పొద్దున తొమ్మిదింటికి, సరస్సు వైపు కిటికీ ఉన్న చిన్న కాఫీ హోటల్లో చెప్పేది. ఆ బల్ల దగ్గర వినేవాళ్లు ముగ్గురు. కరెంటు స్తంభాలెక్కి పనిచేసి రిటైరైన రేనో. ధాన్యం గిడ్డంగిలో పనిచేసిన, ప్రతిదానికీ అడ్డం మాట్లాడే అల్ఫాన్స్. కాఫీ పోస్తూ పోస్తూ అక్కడే నిలబడిపోయే డోరీన్.

నవంబరులో ఒక గురువారం, అల్ఫాన్స్ ఊళ్లో వచ్చే వారపత్రిక తెచ్చి బల్ల మీద పరిచాడు.

"ఇది చదువు హిల్కా. అచ్చం నీలాంటిదే ఇంకొకతి ఉంది ఊళ్లో."

"కిటికీ పక్క నుంచి" అని ఒక శీర్షిక. కింద పేరు లేదు. మంచు తీసే బండి మూల మలుపులో కాచుకుని ఉండటం అందులో ఉంది. ఇంజను ఆపుకోవడం కూడా ఉంది. చదువుతుంటే హిల్కాకి చెవులు వేడెక్కాయి.

"నాలాంటిది కాదయ్యా, అది నేనే! ఎవరో నా నోట్లోంచి లాక్కుపోయారు."

"మంచు బండిని తిట్టనివాడెవడు ఈ ఊళ్లో?" అన్నాడు అల్ఫాన్స్.

పై వారం పాటల పోటీ వచ్చింది. ఆ పై వారం, మనమే యంత్రం దగ్గర సామాన్లు లెక్క కొట్టుకునే దుకాణాల సంగతి: "పని మన చేత చేయించుకుని, పైగా దొంగను చూసినట్టు మన సంచీ వైపు చూస్తుంది ఆ యంత్రం." అది తను సోమవారం అన్న మాట. అక్షరం పొల్లు పోలేదు.

ఆ రోజు నుంచి హిల్కాకి కాఫీ సయించలేదు. డోరీన్ ఆర్డర్లు రాసుకునే పుస్తకం మీద కన్నేసింది. అల్ఫాన్స్ ఫోను బోర్లా పెడితే, ఎందుకు బోర్లా పెట్టాడని ఆలోచించింది. రేనో మీద మాత్రం పెద్దగా అనుమానం రాలేదు. ఆ మనిషి రోజుకు పాతిక మాటలు మాట్లాడితే గొప్ప. చివరికి అందరితో ఒకేసారి మాట్లాడటం మానేసి, ఒక్కొక్కరికి ఒక్కో సంగతి విడిగా ఊదింది. సాయంత్రం వార్తలు చదివే ఆయన బల్ల కింద ఇంటి చెప్పులు వేసుకుంటాడని డోరీన్‌కి చెప్పింది. ఊళ్లో కొత్త బెంచీలు కావాలనే నడుం నొప్పొచ్చేలా చేయించారని అల్ఫాన్స్‌కి చెప్పింది. రేనోని కారు దాకా సాగనంపుతూ, గొంతు తగ్గించి, "టీవీలో ఆ కేకుల పోటీ జడ్జి ఉన్నాడే, ఒక్క ముక్కా మింగడు. నములుతాడు, గొంతు కదలదు" అంది.

గురువారం పత్రికలో కేకుల జడ్జి ఉన్నాడు.

అంతేకాదు. "నాకు తెలిసినావిడ ఒకరు ఆయన మింగడని అంటారు. మూడు పోటీలు కళ్లార్పకుండా చూశాను. ఆవిడది పొరపాటు. చాక్లెట్ కేకైతే మింగుతాడు" అని రాసి ఉంది.

"నా మాటే ఎత్తుకుపోయి నన్నే తప్పు పడతావా!" హిల్కా పత్రిక పట్టుకుని రేనో ఎదురుగా కూచుంది. "ఏమయ్యా, ఎంత కాలంగా సాగుతోంది ఈ బాగోతం?"

రేనో మెడ దాకా ఎర్రబడ్డాడు. "నేను రాయలేదు."

"మరి?"

"ఇర్యా."

హిల్కా పత్రిక బల్ల మీద పెట్టేసింది. ఇర్యా రేనో భార్య. ఇరవై ఏళ్లు చర్చి పాటల బృందంలో హిల్కా పక్కనే నిలబడి పాడింది. ఊపిరితిత్తులు పాడై, ముక్కుకి గొట్టాలతో ఇంట్లో పడి రెండో చలికాలం ఇది. హిల్కా ఒక్కసారి వెళ్లింది. ఆ ఆక్సిజన్ యంత్రం బుస్సుమంటుంటే ఏం మాట్లాడాలో తోచక పావుగంటలో లేచి వచ్చేసింది. మళ్లీ వెళ్లలేదు. ప్రతి వారం ఏదో ఒక సాకు చూసుకుంది.

మర్నాడు వెళ్లింది. దెబ్బలాడటానికే వెళ్తున్నానని దారంతా తనకు తను చెప్పుకుంది. ఇర్యా కిటికీ పక్క కుర్చీలో, ఒళ్లో రాసుకోవడానికి పలకలాంటి అట్ట పెట్టుకుని ఉంది.

"నిన్ననే వస్తావనుకున్నానే. ఆలస్యం చేశావ్."

"నేను వస్తానని నీకెలా తెలుసు?"

"జడ్జి సంగతి గొంతు తగ్గించి చెప్పావట కదా. నువ్వు గొంతు తగ్గించడమేమిటి, పుట్టి బుద్ధెరిగాక? వల వేశావని అప్పుడే అనుకున్నా."

"తెలిసీ రాశావా?"

"రాయకపోతే నువ్వు ఈ గుమ్మం తొక్కేదానివా?"

హిల్కా కోటు విప్పకుండానే కూచుంది. యంత్రం బుస్సుమంటూనే ఉంది. ఇర్యానే మాట్లాడింది, మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకుంటూ. "ఈయన ఇంటికొచ్చి, ఏంటి విశేషాలంటే, ఏముంది, మామూలే అనేవాడు. హిల్కా ఏమందని అడిగితేనే నోరు పెగిలేది. నీ గొంతు కూడా పెట్టి చెప్తాడు తెలుసా? బాగానే చేస్తాడు."

"నా పేరు ఎందుకు వెయ్యలేదు మరి?"

"వేస్తే నువ్వు ఆచితూచి మాట్లాడతావ్. అప్పుడు నాకేం మిగులుతుంది?"

హిల్కాకి కోపం తెచ్చుకుందామంటే రాలేదు. కళ్లు మండుతుంటే కిటికీ వైపు తిరిగింది. "నేను ఎప్పుడో రావాల్సింది," అంది చివరికి. "భయమేసింది."

"నాకూ వేస్తుంది," అంది ఇర్యా. "కోటు విప్పు."

రేనో యాలకుల రొట్టె కోసి తెచ్చి పెట్టేసరికి ఇద్దరూ జడ్జి గొంతు గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. ఆ కార్యక్రమం మళ్లీ పెట్టించుకుని, ఆపి ఆపి చూశారు. తేలలేదు.

అప్పటి నుంచి మంగళవారాలు హిల్కా అక్కడే. పంపే ముందు రాసింది తనకు చదివి వినిపించాలని పట్టుబట్టింది. వినిపించాక తను వెళ్లిపోగానే ఇర్యా మార్చేస్తుందని ఆమెకు గట్టి అనుమానం. మార్చేది కూడా. వసంతం వచ్చేసరికి ఆ శీర్షికలో రెండు గొంతులు పడ్డాయి. ఒకావిడ అంటుంది, ఇంకొకావిడ కాదంటుంది. ఎవరా ఇద్దరని ఊళ్లో పందేలు కూడా కాశారు.

"మందుల షాపాయన, ఆయన పెళ్లామూను," అన్నాడు అల్ఫాన్స్ ఒక పొద్దున, పత్రిక మడిచి. "నేను కనిపెట్టేశా. ఆ పోట్లాట మొగుడూపెళ్లాలదే."

రేనో కప్పులోకి చూస్తూ కూచున్నాడు. హిల్కా కాఫీ ఒక గుక్క తాగింది.

"నాకూ వాళ్ల మీదే అనుమానం," అంది.