మంత్రగాడి కాళ్ల మీద నీళ్లు

మా తాతకు తాత గద్వాల సంస్థానంలో కిల్లేదారు. కోట తాళాలు ఆయన దగ్గరే ఉండేవి. ఒకసారి మూసిన తలుపు ఆయన మాట లేకుండా తెరుచుకునేది కాదు. మా ముత్తాతకు వనపర్తి దర్బారులో కూర్చునే హక్కు ఉండేది. నిలబడేవాళ్లు వేరు, కూర్చునేవాళ్లు వేరు అని మా ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందే తెలిసేది. మా తాత నాగర్‌కర్నూలు వైపు కొన్ని ఊళ్లకు మక్తేదారు. ఆ ఊళ్ల శిస్తు కోటలాంటి ఆయన గడికే వచ్చి చేరేది. మా నాన్నకు ఏ హోదా లేదు. ఏం చేస్తుంటారని ఎవరైనా అడిగితే ఇంటి పేరు చెప్పి ఊరుకునేవాడు. నేను టీవీ సీరియళ్లు రాశాను, తీశాను. రాజులు, మంత్రగాళ్లు, పాములుగా మారే రాణులు ఉండే సీరియళ్లు.

ఈ వరుసలో నన్ను నిలబెట్టాలో, కూర్చోబెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

హైదరాబాదులో మొదట కుటుంబ సీరియళ్లకు మాటలు రాసేవాణ్ణి. అత్తాకోడళ్ల తగవులు నాకు చేతకాలేదు. నా కోడళ్లు ఎక్కువ మాట్లాడేవాళ్లు కాదు, నా అత్తలు లేచి లోపలికి వెళ్లిపోయేవాళ్లు. మా ఇంట్లో కోపం వస్తే అలాగే చేసేవాళ్లు మరి. ఒక జానపద సీరియల్ రాసే మనిషి మధ్యలో మానేస్తే ఆ పని నాకు వచ్చింది. రాజు లోపలికి వస్తే ఎవరు ముందు లేవాలి, తాంబూలం ఎవరికి ముందు అందాలి, కోపం వచ్చిన రాజు గొంతు పెంచుతాడా తగ్గిస్తాడా, ఇవేవీ నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. కొన్నేళ్లకు నేనే నిర్మాతనయ్యాను. సొంత సీరియల్‌ను మా గడిలోనే తీశాను.

గడి వనపర్తి నుంచి నాగర్‌కర్నూలు పోయే దారికి లోపలగా ఉంటుంది. అప్పటికి సగం కప్పు కురుస్తుండేది. సీరియల్ మొదలయ్యాకే దానికి కొత్త దూలాలు పడ్డాయి, గోడలకు సున్నం పడింది. హైదరాబాదులో సెట్టు వేసుకుంటే పని తేలికని అందరూ చెప్పారు. నాకు కావలసింది సెట్టు కాదు. సీరియల్ నడిచినంత కాలం గడి నిలబడుతుంది, అది ఆగితే అమ్ముకోవాలి. ఈ ఒక్క సంగతి నాకు స్పష్టంగా తెలుసు. తక్కినవన్నీ, మా ఇంటి కథా సీరియల్ కథా, ఒకదానిలో ఒకటి కలిసిపోతూ వచ్చాయి.

నాకే కాదు, చుట్టుపక్కల వాళ్లకు కూడా. మా రాణి పాత్రకు చీరలు గద్వాల మగ్గాల మీదే నేయించేవాణ్ణి. ఒకసారి నూలు చీరకు పట్టు అంచు కలిపిన చోటు వేలితో చూపిస్తూ, ఆ నేతింటి పెద్దాయన గొంతు తగ్గించాడు.

"దొరా, ఏమనుకోకున్రి. మీ ముత్తవ్వ పాము లెక్క ఎన్నేండ్లున్నది?"

అది కథ అని, నేను కల్పించిందని చెప్పాను. ఆయన తల ఊపాడు. "అవునవును. బయటికి గట్లనే చెప్పాలె."

మగ్గం మీద ఉన్న ఆయన కోడలు తల వంచుకుంది. నవ్వు ఆపుకుంటోందో, మా ముత్తవ్వ మీద జాలిపడుతోందో తెలుసుకోలేకపోయాను.

ఛానల్ తరఫున మా సీరియల్ చూసుకునే అతను ఒకరోజు గడికి వచ్చాడు. నాకంటే చాలా చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు. జనం రాజును చూడడం లేదని, మంత్రగాడు వచ్చినప్పుడే టీవీ ముందు కూర్చుంటున్నారని చెప్పాడు. మంత్రగాడి వేషం వేసేది తెలకపల్లి దగ్గర ఒక పల్లెలో భాగవతాలాడి పెరిగిన నటుడు. అతని గొంతు గడి బయట రోడ్డు దాకా వినిపించేది.

"రాజు ఒక్కసారి మంత్రగాడి కాళ్ల మీద పడాలి సార్" అన్నాడు ఛానల్ అతను. "ఆ ఒక్క ఎపిసోడ్ ఇవ్వండి, ఇంకో సంవత్సరం నడుపుదాం. లేదంటే పైవాళ్లకు నేను సర్దిచెప్పలేను."

మా రాజు వంగడని చెప్పాను. చెప్పాక, మా రాజు అన్నది సీరియల్‌లో రాజునా, మా తాతనా అని నాకే అనుమానం వచ్చింది. అతను కొంత గడువిచ్చి వెళ్లిపోయాడు.

మా మేనత్త గద్వాలలో ఉంటుంది. తాత పిల్లల్లో ఆమె ఒక్కతే మిగిలింది. నా సీరియల్ ఒక్కరోజు కూడా మానదు. ఆమె దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. మా తాత ఎవరి ముందూ తల వంచలేదని, ఆయన్ను చూసే ఆ రాజును రాశానని అన్నాను. స్తంభానికి చెయ్యి ఆనించి, గడ్డం పైకెత్తి నిలబడిన ఆయన రూపం ఇంకా నా కళ్లలో ఉందన్నాను. అత్త ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ విన్నది.

"గట్ల నిలవడేది నీ టీవీల రాజు. మా నాయినకు మోకాళ్ల నొప్పులుండె. నిలవడనీకె గోడ కావాలె."

"నేను జూసిన అత్తా."

"యాడ జూసినవ్‌రా? నీకు తెలివొచ్చేసరికి మంచం మీదనే ఉండె గద."

ఆ నిలబడే తీరు నేను రాసిందే కావచ్చు. రాసి, తీసి, ఎన్నోసార్లు చూసి, చివరికి జ్ఞాపకమని నమ్మి ఉంటాను. లేదా అత్తే మరిచిపోయి ఉండవచ్చు. తేల్చి చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

అత్త అంతటితో ఆగలేదు. తాత ఏడాదికోసారి వంగేవాడని, అది పీర్ల పండుగ నాడని చెప్పింది. మొహర్రమే అయినా మా వైపు ఆ పండుగ అందరిదీ. కర్రకు ఇత్తడి రేకు, గుడ్డ పీలికలు కట్టిన పీరును ఎత్తుకున్న మనిషి వాకిట్లోకి వస్తే, ఇంటివాళ్లు బిందెతో నీళ్లు తెచ్చి అతని కాళ్ల మీద పోసి మొక్కుతారు. మామూలు రోజుల్లో అతను ఎవరైనా కావచ్చు.

"మనూర్ల ఎవలెత్తుతుండె?" అని అడిగాను.

"మన ఎడ్లకాడ జీతమున్నోడు. మా నాయిన తలరుమాలు తీసి పక్కకు వెట్టి, వంగి, ఆని కాళ్ల మీద నీళ్లు వోసెటోడు. పండుగ అయిపోయినంక మల్ల ఆన్నే తిట్టెటోడు, ఎడ్లకు కుడితి వెట్టలేదని."

"మరి మొక్కింది పీరుకా, మనిషికా?"

"నాకేం తెల్వదు బిడ్డా. నీళ్లయితే కాళ్ల మీదనే వడ్డయి."

తిరిగి వస్తూ బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటేలోపు సన్నివేశం నా తలలో తయారైంది. రాజ్యంలో కరువు. పోయిన రాజ్యధ్వజాన్ని మంత్రగాడు వెతికి తెస్తాడు. రాజు ధ్వజానికి మొక్కుతూ, దాన్ని ఎత్తుకున్నవాడి కాళ్ల మీద నీళ్లు పోస్తాడు. తల వంగుతుంది, ఎవరికి వంగిందో చెప్పనక్కర్లేదు. ఛానల్ మాటా చెల్లుతుంది, మా రాజు వంగడన్న నా మాటా చెల్లుతుంది. ధ్వజం కొసకు ఇత్తడి రేకుతో సూర్యుణ్ణి, దాని కింద రంగురంగుల గుడ్డ పీలికలను కట్టించాను.

ప్రజల వేషానికి తెలకపల్లి వైపు నుంచి రైతు కుటుంబాల వాళ్లను ట్రాక్టర్లలో పిలిపించాం. రాజు నీళ్లు పోస్తుంటే దూరంగా నిలబడి చూడాలని దర్శకుడు వాళ్లకు చెప్పాడు. అందరూ సరేనన్నారు.

డప్పులు మొదలయ్యాయి. మంత్రగాడు ధ్వజం ఎత్తుకుని, ఊగుతూ, గడి వాకిట్లోకి వచ్చాడు. రాజు చెంబు పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. అంతలో ఒక ముసలమ్మ జనంలోంచి కదిలింది. వంటవాళ్ల దగ్గరున్న బిందె తెచ్చి, రాజు రాకముందే మంత్రగాడి కాళ్ల మీద కుమ్మరించి మొక్కింది. ఆమె వెనక ఇంకొకామె, తరువాత అందరూ. ఒకాయన తనను దాటి పొమ్మని దారికి అడ్డంగా బోర్లా పడుకున్నాడు. ఒక తల్లి దగ్గుతున్న పసిపిల్లను తెచ్చి పీలికల కింద పట్టుకుంది. కెమెరా ఆపమని దర్శకుడు అనలేదు, నేనూ అనలేదు. రాజు చెంబుతో సహా జనం వెనక ఇరుక్కుపోయాడు. ఎవరి మోచెయ్యో తగిలి అతని కిరీటం ఒక చెవి మీదికి వాలింది.

అయిపోయాక మంత్రగాడి వేషం వేసిన నటుడు తడి కాళ్లతో నా దగ్గరికి వచ్చాడు.

"నేనేం జెయ్యాలె సార్. వాళ్లు మొక్కుతుంటె కాళ్లు ఎనకకు తీసుకుంటె తప్పయితదేమోనని భయమైంది."

ముసలమ్మ కూడా వచ్చి, మళ్లీ ఎప్పుడు ఎత్తుతాడని అడిగింది. అది నాటకమని, ఆ సూర్యుడు ఉత్త ఇత్తడి రేకని ఆమెకు ఓపిగ్గా చెప్పాను.

"ఎరుకే సారూ, నాటకమే" అన్నదామె. "మల్లెప్పుడెత్తుతడు?"

ఆ ఎపిసోడ్ ఛానల్ వాళ్లకు విపరీతంగా నచ్చింది. ఛానల్ అతను ఫోన్ చేసి, రాజును ఇక అడవికి పంపేయమన్నాడు. మంత్రగాణ్ణి సింహాసనం మీద కూర్చోబెడితే సంవత్సరం కాదు, ఎన్నేళ్లయినా నడుస్తుందన్నాడు. అంటే గడి నిలుస్తుంది.

రాయడానికి కూర్చున్నాను. రాజు వెళ్లిపోయే సన్నివేశం కష్టం కాలేదు. ఉన్న చోటు వదిలి పోవడం ఎలాగో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆగిపోయింది దాని తరువాత. మంత్రగాడు సింహాసనం దగ్గరికి వస్తాడు, కూర్చోవాలి. ఎంత రాసినా వాడు నిలబడే ఉన్నాడు. అత్తకు ఫోన్ చేసి, పీరు దించినంక ఆ జీతగాడు మన అరుగు మీద కూసుండెటోడా అని అడిగాను.

"ఆన్ని ఎవలు కూసోమంటరు?" అన్నది. అంతలోనే సవరించుకుంది. "గా పూట కూసున్నడేమో. యాదికి లేదురా."

అతను కూర్చుని ఉంటే మా తాత మనిషికే వంగాడు. కూర్చోకపోతే పీరుకు వంగాడు. లేక ఈ రెండూ నేను అనవసరంగా ముడిపెడుతున్నానేమో. ఏది రాసినా నా ఇంటి గురించి నాకు తెలియని మాట చెప్పినట్టే అనిపించింది. గడువు దాటిపోయింది. వేరే రచయితను పెడతామని, షూటింగ్ మాత్రం గడిలోనే చేద్దామని ఛానల్ అతను అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఎందుకు సార్ అని చాలా మర్యాదగా అడిగాడు. పరువు కోసమని చెప్పి ఉంటే అతనికి అర్థమయ్యేదేమో. నాకు తెలియదని చెప్పాను. నిజంగానే తెలియదు.

సీరియల్ ఆగిపోయింది. గడిని, దాని వెనకున్న మెట్ట చెలకను కలిపి కల్వకుర్తిలో పత్తి వ్యాపారం చేసే ఒకాయనకు అమ్మాం.