సెంటినరీ కాలనీలో నేను శత్రు సైనికుణ్నయిన మధ్యాహ్నం

"ఆఖరి రోజు షూటింగు, వచ్చి చూడు బిడ్డా" అని స్వరూప చిన్నమ్మ ఫోన్ చేసింది. బొగ్గుగని కార్మికులుండే సెంటినరీ కాలనీలో బట్టలు కుట్టే చిన్నమ్మ, చుట్టుపక్కల క్వార్టర్ల ఆడవాళ్లను పోగేసి యుద్ధం సినిమా తీస్తోంది. పరాయి సైన్యం ఊరిని ఆక్రమిస్తే ఆడవాళ్లు దళంలో చేరి తిరగబడే కథ. వంతెన పేల్చే సీను ఒక్కటే మిగిలింది. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ను బతిమాలి తెచ్చిన కెమెరాను ఆ సాయంత్రమే తిరిగిచ్చేయాలి.

సికింద్రాబాద్‌లో పొద్దున్నే రైలెక్కితే దాదాపు నాలుగు గంటల్లో రామగుండం. అక్కడి నుంచి గోదావరిఖని బస్టాండుకు షేర్ ఆటోలో ముప్పై రూపాయలు తీసుకున్నారు. మంథని బస్సు కాలనీ దగ్గర ఆగుతుంది, ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం. ఆటోలో సినిమా సంగతి చెబితే డ్రైవరన్న నవ్వాడు. "ఆడోళ్లు యుద్ధం తీస్తున్నరా? మరి బాంబులెక్కడియి అక్కా?"

బాంబు రోజూ ఉంది. మూడు గంటల ప్రాంతంలో పక్కనే నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో బండలు పగలగొట్టడానికి బ్లాస్టింగ్ చేస్తారు. కాలనీ అదురుతుంది, దూరంగా మట్టిగుట్ట వెనక దుమ్ము లేస్తుంది. డాబా మీంచి తీస్తే చాలు, వంతెన పేలినట్టే. కానీ రెండు రోజులుగా శత్రు సైనికులే సీను చెడగొడుతున్నారు. ఖాకీ చొక్కాలేసుకుని ఆ వేషం కట్టిన పక్కింటి అక్కలకు అది ఏళ్ల తరబడి వింటున్న చప్పుడు, ఒక్కరూ ఉలిక్కిపడరు. నిన్న ఒకామె గీసిన మీసంతోనే పరుగెత్తి, దుమ్ము పడకుండా ఆరేసిన బట్టలు తీసింది!

"బాంబు పెట్టినోళ్లు భయపడకుంటె సరే. అది మీద పడ్డోళ్లు గూడ భయపడకుంటె ఎట్లనే?" అంటూ, నేను డాబా ఎక్కేసరికి చిన్నమ్మ తల పట్టుకుంది. అంతలో బ్లాస్టింగ్‌కు ముందు హెచ్చరికగా మోగే సైరన్ మోగింది. అదిరిపడింది నేనొక్కదాన్నే. చిన్నమ్మ నా వైపు తిరిగింది. "జల్ది ఆ ఖాకీ అంగీ ఇప్పి దీనికి తొడుగుండ్రి!"

కాటుకతో మీసం గీసి, చేతికి కర్ర తుపాకీ ఇచ్చి నిలబెట్టారు. నటించే పనే పడలేదు. డాబా అదరగానే తుపాకీ పారేసి, "అమ్మో" అని అరిచి నీళ్ల ట్యాంకు వెనక దూరాను. దుమ్ము ఆకాశానికి లేచింది. దాని ముందు దళం వేషంలో ఏడుగురు ఆడవాళ్లు రెప్ప వేయకుండా నిలబడ్డారు. కెమెరా అంతా పట్టింది. ఈలలే ఈలలు. "గెలిచినం బిడ్డా, గెలిచినం!" అని చిన్నమ్మ నన్ను పట్టుకుని ఏడ్చేసింది.

ఓడిపోయి ఇంత సంతోషపడటం నాకిదే మొదలు. భర్తలు గనిలో డ్యూటీలో ఉండగా ఆ చప్పుడు వింటూనే వంట చేసి, పిల్లల్ని పెంచిన ఆడవాళ్లు వాళ్లు. ఆ నిబ్బరం నటన కాదు, అందుకే వాళ్లను చూస్తే గర్వంగా ఉంది. మీరూ అటు వెళ్తే ఒక్క సలహా: సైరన్ వినపడగానే చేతిలో టీ గ్లాసు కింద పెట్టేయండి. ఆ ఊరివాళ్లు మాత్రం తాగుతూనే ఉంటారు.