పిలుపు రాని రోజు

ఆ పైలట్ ఇంట్లో ఉన్నా ఇంట్లో ఉన్నట్టుండడు. కంపెనీ ఎప్పుడు పిలిస్తే అప్పుడు గంటలో విమానాశ్రయంలో ఉండాలి. అందుకని స్నానానికి వెళ్లినా ఫోను సబ్బుపెట్టె పక్కనే పెట్టుకుంటాడు, ఊరు దాటి అడుగుపెట్టడు. "మా అల్లుడుగారు కూర్చున్నా లేవబోతున్నట్టే ఉంటారమ్మా" అని అత్తగారు నవ్వుతుంది. మొన్న ఈతకొలనులోంచి కూతురు, "నాన్నా, నువ్వూ దిగు!" అని చేతులు చాపింది. ఒడ్డున బూట్లతో నిలబడి, "కాసేపాగు తల్లీ" అంటూనే ఉన్నాడు. చూసీ చూసీ, వణుక్కుంటూ పిల్లే పైకొచ్చేసింది. ఆ రోజంతా ఫోను మోగనే లేదు.

మర్నాడు డ్యూటీలు వేసే అధికారి, "నిన్న మిమ్మల్ని పిలవలేదుగా కెప్టెన్, సెలవు కింద వేసేశాను. ఈ వారానికి ఇంక సెలవు లేదు," అన్నాడు.

"నిన్న నేను పనిలోనే ఉన్నానండీ."

"ఇంట్లో కూర్చుని ఏం పని చేశారు సార్?"

"మీ పిలుపు కోసం ఎదురుచూశాను. కావాలంటే మా అమ్మాయిని అడగండి."

ఎన్నడూ గొంతు పెంచని మనిషి, అప్పుడూ పెంచలేదు. అధికారి నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. "సరే, రేపు సెలవు. ఎవరూ పిలవరు," అన్నాడు.

ఆ మర్నాడు పొద్దెక్కినా పైలట్ లేవలేదు. ఈతబట్టలు చంకన పెట్టుకుని వచ్చిన కూతురు, నోరు తెరుచుకుని నిద్రపోతున్న తండ్రిని కాసేపు చూసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లింది.