చక్రం విప్పని తీర్పు

రస్మియ్యాకు కోపం కొత్త కాదు. భర్త విడాకులిచ్చి వెళ్ళిపోయాక కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసి, కొడుకు నాయిఫ్‌ను ఒంటరిగా పెంచి, చివరికి వాయిదాల మీద ఒక చిన్న కారు కొనుక్కున్న మనిషికి కోపం లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. అయితే ఆ కోపాన్ని ఆమె మామూలుగా ఇంట్లోనే వదిలి వస్తుంది. ఉదయాన్నే సాల్ట్ పట్టణంలోని మా ఇళ్ళ ముందు కారు ఆపి, వీధి నిద్ర చెడగొట్టకుండా ఫోను ఒక్కసారి మోగించి పెట్టేస్తుంది. మేం నలుగురం ఆడవాళ్ళం ఆ కారులో లోయ అడుగున ఉన్న షూనాకు వెళ్తాం. ముగ్గురు అక్కడి బడిలో టీచర్లు. నేను తోటల్లో కూలికి వెళ్ళే స్త్రీల జీవితాల మీద సర్వే చేస్తున్నాను.

ఆ దారి మలుపులు తిరుగుతూ సముద్రమట్టం కంటే కిందికి దిగుతుంది. చాలామంది డ్రైవర్లు బ్రేకు మీద కాలు తీయరు. సగం దారిలోనే వారి చక్రాల నుంచి మాడు వాసన వస్తుంది. రస్మియ్యా మాత్రం కొండ కొసనే గేరు తగ్గించి, బండిని ఇంజనే పట్టి ఉంచేలా దింపుతుంది. సాల్ట్ అడ్డాలోని మినీబస్సు డ్రైవర్లకు అదొక వేళాకోళం. నాయిఫ్ తల్లి కాబట్టి అందరూ ఆమెను ఉమ్ నాయిఫ్ అనే పిలుస్తారు. “ఉమ్ నాయిఫ్, నడిచి వెళ్తే ఇంకాస్త ముందే చేరతావేమో” అని ఒకడంటే, “నేను చేరతాను. నీ సంగతి చూసుకో” అని ఆమె అద్దం ఎక్కించుకునేది.

మా ఇళ్ళలో మాకు అనుమతి దొరికింది ఆ నెమ్మదిని చూసే. ఆమె బ్రేకుల మీద చిన్న అనుమానం వచ్చినా మా తండ్రులూ అన్నలూ ఆ కారు ఎక్కనివ్వరు. మేం నలుగురం దిగిపోతే ఆమెకు కారు వాయిదా కట్టే దారి ఉండదు. ఈ సంగతి మాకు తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు.

ఆ శనివారం ఆమె రాజధాని అమ్మాన్‌లోని కంపెనీ సర్వీసు కేంద్రానికి వెళ్ళింది. వారంటీ పోకూడదంటే అక్కడికే వెళ్ళాలి. నగరంలో పని ఉందని సైన్సు టీచరు అబీర్ కూడా వెంట వెళ్ళింది. అక్కడ జరిగినదాన్ని గురించి ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఒక్కచోట తప్ప ఇద్దరి మాటా కలిసింది.

ఇద్దరూ ఆడవాళ్ళ వైపు సోఫాల్లో కూర్చుని ఉండగా మొఅతజ్ అనే కుర్ర సర్వీసు సలహాదారు చేతిలో ట్యాబుతో వచ్చాడు. నూనె మార్చడం అయిందనీ, ముందు బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయనీ, డిస్కులు కూడా మార్చడం మంచిదనీ చెప్పి, రస్మియ్యా రెండు నెలల సంపాదనకు సరిపోయే మొత్తం ఒకటి చూపించాడు. ఎంత అరిగాయని ఆమె అడిగింది. చాలా అన్నాడు. ఎంత మిగిలాయని అడిగింది. కొంచెమే అన్నాడు. నువ్వు చూశావా అంటే, లోపల మెకానిక్ చూశాడన్నాడు. తర్వాత బండి ఏ దారిలో తిరుగుతుందో అడిగి తెలుసుకుని, ఆమె మోకాళ్ళ దగ్గర వంగి కూర్చుని అసలు మాట అన్నాడు.

“పిన్నీ, నువ్వు మా అమ్మలాంటిదానివి కాబట్టి చెబుతున్నాను. పరాయి ఆడపిల్లల్ని ఎక్కించుకుని ఆ లోయ దింపుతున్నావు. ఈ బ్రేకులతో మా అమ్మనైతే వీధి చివరిదాకా కూడా వెళ్ళనివ్వను.”

ఇద్దరి మాటా కలవనిది ఇక్కడే. అతను హాలంతా వినబడేలా అన్నాడని రస్మియ్యా అంటుంది. అంత గట్టిగా ఏమీ అనలేదని అబీర్ అంటుంది. ఏమైనా, చంటిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని పక్క సోఫాలో కూర్చున్న ఒకావిడ తలెత్తి చూసింది. అబీర్ ముఖంలో రంగు మారింది. ఆమె ఫోను తీసి, రస్మియ్యాకు చెప్పకుండానే, మా నలుగురి గ్రూపులో ఒక ముక్క రాసింది: బ్రేకులు పోయాయట, రేపటికి వేరే బండి చూసుకోండి. పైగా రస్మియ్యా చెవి దగ్గరకు వంగి, మార్చేయి ఉమ్ నాయిఫ్, తలా కొంత వేసుకుంటాం అంది.

కుర్రాడి మాట కంటే ఈ మాట ఆమెను ఎక్కువ కోసింది. ఆ దారిలో ఒక్కసారి కూడా బండి చెయ్యి దాటిపోనివ్వని మనిషి, ముక్కూ ముఖం తెలియని ఒకడి ఒక్క మాటతో చందాలు అందుకునే మనిషి అయిపోయింది.

ప్యాడ్లు చూపించమంది. ఆడవాళ్ళు లోపలికి రాకూడదన్నాడు మొఅతజ్. నేలంతా నూనె, జారి పడితే బాధ్యత తమదన్నాడు. ఎలాగూ బండి కడిగే వరుసలోకి వెళ్ళింది, కడగడం ఉచితం, కూర్చో అన్నాడు.

కడగడం అన్న మాట వినగానే రస్మియ్యా లేచింది. గురువారం ఎడారి దుమ్ముతో కలిసి బురద వాన పడింది. ఊళ్ళో బండ్లన్నీ పసుపు మట్టి పట్టి ఉన్నాయి. చక్రం విప్పినవాడి చెయ్యి ఆ మట్టి మీద కనబడాలి. కడిగేస్తే ఏమీ మిగలదు. ఆమె అతణ్ణి పక్కకు జరిపి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. అబీర్ వెనకాలే పరుగెత్తింది.

కారు ఇంకా వరుసలోనే ఉంది. చక్రాల మీది ప్లాస్టిక్ మూతల నిండా మట్టి ఎండిపోయి ఉంది. మూతకూ చక్రపు అంచుకూ మధ్య సందులో ఆ మట్టి గట్టిగా అతుక్కుని, నాలుగింటికి నాలుగూ ఎక్కడా చిట్లకుండా ఉంది. మూత తీయకుండా చక్రం విప్పడం కుదరదు.

“ఇలా రా టీచరమ్మా, పిల్లలకు సైన్సు చెబుతావుగా, చూసి చెప్పు” అంది రస్మియ్యా. అబీర్ వంగి చూసింది.

మొఅతజ్ వచ్చి, ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగిన బండికి ప్యాడ్లు అరిగే ఉంటాయని, కంప్యూటరే ఆ సూచన ఇస్తుందని సర్దిచెప్పబోయాడు.

“మెకానిక్ చూశాడన్నావు కదా అబ్బాయ్? ఇప్పుడు కంప్యూటర్ అంటున్నావు. నేను మీ అమ్మనే అయితే, మీ అమ్మ చక్రం విప్పు. విప్పి మాట్లాడు.”

కడిగేవాడు గొట్టం కింద పెట్టేశాడు. మెకానిక్‌లు పని ఆపి ముఖాలు అటు తిప్పుకుని నవ్వుకున్నారు. గొడవ విని వర్క్‌షాపు అధికారి బాసిల్ వచ్చాడు. విషయం విని ముందు సగం తగ్గిస్తానన్నాడు. మార్చనక్కరలేనిదానికి తగ్గింపేమిటని ఆమె అడిగేసరికి చక్రం విప్పించాడు. ప్యాడ్లు సగానికి పైగా మిగిలి ఉన్నాయి. డిస్కు మీద గీత కూడా లేదు. ఇంకొక ఏడాది నిశ్చింతగా నడుస్తాయని బాసిల్ తనే అన్నాడు.

అతను వారిద్దరినీ తిరిగి హాల్లోకి తీసుకొచ్చి, చిన్న కప్పుల్లో యాలకుల కాఫీ తెప్పించాడు. రస్మియ్యా కప్పు అందుకుంది. తాగలేదు. బల్ల మీద తన ముందు పెట్టింది.

మా వైపు కోరిక మీద వచ్చిన అతిథి అలా కాఫీ ముట్టకుండా పెడితే, ఆ కోరిక తీరేదాకా ఆ ఇంటి పరువు ఆ కప్పులో ఉన్నట్టే. పెళ్ళి అడగడానికి పెద్దలు పెడతారు, హత్య జరిగినప్పుడు రాజీకి వచ్చినవారు పెడతారు. బ్రేకుల కోసం ఎవరూ పెట్టి ఉండరు. బాసిల్ టై కట్టుకున్నవాడే అయినా, ఆ కప్పు వైపు చూసి నిలబడిపోయాడు.

“తాగండి అత్తా, మీరడిగింది అయినట్టే” అన్నాడు చివరికి.

“నా ప్రయాణికురాలి ముందు నా బ్రేకులు పోయాయన్నాడు. అదే నోటితో ఉన్నాయనమను.”

మొఅతజ్ చెవులు ఎర్రబడ్డాయి. తప్పయింది పిన్నీ అని గొణిగాడు. తప్పు సంగతి తాను అడగలేదనీ, బ్రేకుల సంగతి చెప్పమనీ ఆమె అంది. అప్పుడే అబీర్ తలవంచుకుని, తాను గ్రూపులో ఏం రాసిందో చెప్పింది.  రస్మియ్యా ఆమె చేతిలోని ఫోను తీసుకుని, రికార్డు మొదలుపెట్టి, దాన్ని ఆ కుర్రాడి నోటి ముందు పట్టింది.

ఆ రికార్డు మా ముగ్గురికీ వచ్చింది. నేను ఇంట్లో మా నాన్న పక్కన కూర్చుని విన్నాను. ముందు ఒక గొంతు మెల్లగా, బండి బ్రేకులు బాగానే ఉన్నాయి అంటుంది. “ఇందాక గొంతు ఇంత సన్నగా లేదే” అని రస్మియ్యా మాట. మళ్ళీ ఆ గొంతే, ఈసారి గట్టిగా: “ఉమ్ నాయిఫ్ కారు బ్రేకులు బాగున్నాయి. చక్రం విప్పకుండానే పోయాయని చెప్పాను.” తర్వాత పిల్ల ఏడుపు, దాని మీదుగా పక్క సోఫా ఆవిడ మాట: “మరి నా బండి చక్రాలు విప్పావా? పొద్దున నన్నూ మీ అమ్మనే అన్నావుగా?” ఆ తర్వాత కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడు. రికార్డు అక్కడితో ఆగిపోయింది.

రస్మియ్యా కాఫీ తాగబోయి మళ్ళీ దించిందని అబీర్ చెప్పింది. ఆవిడ బండి చక్రాలు కూడా విప్పి చూపించేదాకా ఇద్దరూ అక్కడినుంచి కదలలేదట. ఆ ప్యాడ్లు కూడా బాగానే ఉన్నాయి.

శుక్ర, శనివారాల సెలవు అయిపోయి, ఆదివారం నలుగురం కారెక్కాం. మా నాన్న గుమ్మం దాకా వచ్చి రస్మియ్యాకు సలాం చెప్పి వెళ్ళాడు. అబీర్ ముందు సీట్లో కూర్చుని, భయమేసింది ఉమ్ నాయిఫ్, అందుకే రాశాను అంది.

“భయమేస్తే నన్నడగాలి. నడిపేది నేను” అంది రస్మియ్యా.

కొండ కొస రాగానే ఎప్పటిలాగే గేరు తగ్గించింది.