బొంతల అవ్వ కుట్టిన సముద్రం

పోయిన మంగళవారం నారాయణగూడ మార్కెట్లో తోటకూర కట్ట చేతికిస్తూ ఆకుకూరల అక్క అంది. "మీ బొంతల అవ్వ పోయిందమ్మా. మొన్న పొద్దుగాల. జరం వచ్చి రెండే దినాలు." నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. అసలు ఆ అవ్వ విషయంలో నేను ఏదీ వెంటనే నమ్మినదాన్ని కాదు. అదే మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

అవ్వది పాలమూరు వైపు పల్లె. భర్తతో కలిసి ఇళ్లు కట్టే పనికి పట్నం వచ్చి అశోక్‌నగర్ వెనక బస్తీలో ఉండిపోయింది. మోకాళ్లు తట్ట మొయ్యనివ్వకపోయాక ఇంటింటి వరండాలో కూర్చుని పాత చీరలతో బొంతలు కుట్టేది. ఆరేళ్ల కిందట చిక్కడపల్లిలో మా ఇంటికి నేనే పిలిచాను. అప్పుడు నాకు ఐదో నెల. అంతకు ముందు ఇద్దరు పుట్టి నెల తిరక్కుండానే పోయారు. ఈసారైనా బిడ్డ దక్కుతుందా అన్న భయంతో ఎవరి మొహం చూసినా నాకు అనుమానమే.

మాది బందరు. అమ్మ తన పాత నూలు చీరలు పంపింది, నీలం, తెలుపు, ఇసుకరంగు. పుట్టబోయే బిడ్డ మా సముద్రపు ఒడ్డున పడుకున్నట్టు ఉండాలని నా కోరిక. అలలు, పడవలు కాగితం మీద గీసి చూపించాను. అవ్వ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టింది. ఆమెకు వచ్చింది ఒకటే గడి. నడుమ చదరం ముక్క, చుట్టూ నాలుగు మూడుమూలల ముక్కలు. వాళ్లమ్మ నేర్పింది.

"పడవలు నాకు రావు బిడ్డా. నీలం గడ్లు మీదికి, తెల్లయి నడుమ, మన్ను రంగుయి కిందికి పెడ్త. గదే నీ సముద్రం అనుకో."

సముద్రాన్ని ఆమె చూడలేదు, నమ్మనూ లేదు. "అన్ని నీళ్లుండి తాగనీకి రావంటే ఎట్ల నమ్మాలె?" అనేది. అనుమానంలో నాకేమీ తీసిపోదు. "ఇస్త్రీ బట్టను నమ్మొద్దు బిడ్డా, యాడ చినిగిందో కనవడనియ్యది" అంటూ ప్రతి చీరనూ వెలుతురుకి ఎత్తి పట్టేది. సాయంత్రం వెళ్లేముందు, నేను అడక్కుండానే, మూట విప్పి నా ముందు దులిపేది. ఆ దులపడం కూడా నాకు నాటకంలాగే కనిపించేది. ఆమె వీధి మలుపు తిరగ్గానే ముక్కలు లెక్కపెట్టుకునేదాన్ని.

ఒకరోజు ఏడు నీలం ముక్కలు తగ్గాయి. బొంత పరిచి చూస్తే నీలం గడుల్లో ఏడు చదరాలు వేరే గుడ్డలవి. వెలిసిపోయిన ఎర్ర చీర, పూల జాకెట్టు, గళ్ల కొంగు, ఎవరెవరివో. మా అమ్మ చీర ముక్కలు కాజేసి వీధిలో దొరికినవి అతికించిందని తేల్చేశాను. మర్నాడు ఆమె రాగానే అడిగాను.

"మా అమ్మ చీర ముక్కలు ఏం చేశావు అవ్వా?"

అవ్వ బొడ్లో దోపుకున్న సంచి తీసి ఏడు ముక్కలూ నా ముందు పెట్టింది. దొంగతనం కాదని తేలినా నా నోరు ఆగలేదు.

"మరి ఈ మురికి గుడ్డలెందుకు?"

"కడిగినయే బిడ్డా. ఉండనియ్యి."

"ఎందుకో చెప్పు."

"చెప్పేది కాదు."

చెప్పకపోవడంతో నాకు ఒళ్లు మండింది. చేతబడేమో అని కూడా అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. అవి తీసేసి నీలం ముక్కలు వేయాల్సిందేనన్నాను. అవ్వ కాసేపు నా కడుపు వైపు చూసి, "సరే, నువ్వు లోపలికి పో, ఎండ ఉన్నది" అంది. వంట ముగించి వచ్చేసరికి ఏడు నీలం ముక్కలూ కుట్టేసి ఉన్నాయి. ఇంత త్వరగా ఎలా విప్పింది, ఎలా కుట్టిందని మళ్లీ అనుమానం.

పాప పుట్టింది. బతికి బట్టకట్టింది. అవ్వ చూడ్డానికి వచ్చి గడప దగ్గరే నిలబడి, "పైలం, బిడ్డను మంచిగ చూస్కో" అనేసి వెళ్లిపోయింది. లోపలికి రమ్మని నేను గట్టిగా అనలేదు. తర్వాత రోడ్డు మీద ఎప్పుడు ఎదురైనా "బిడ్డ మంచిగున్నదా?" ఒక్కటే మాట. ఒక్కసారైనా క్షమించమని అడిగి ఉండాల్సింది. అడగలేదు.

మంగళవారం ఆకుకూరల అక్క ఆ కబురుతో ఆగలేదు. "మీరు కడుపుతోటి ఉన్నప్పుడు అవ్వ నా కొంగు చింపుకపోయింది. నా నలుగురు పిల్లలు సల్లగున్నరు గద. గట్ల ఏడుగురు తల్లులను అడిగింది. మా దిక్కు బిడ్డలు దక్కనోళ్ల బొంతల గవి కలుపుతరు. కన్నతల్లికి చెప్పొద్దు, చెప్తే పనిచెయ్యదంటరు."

ఇంటికొచ్చి బొంత పరిచాను. నీలం ముక్క కింద ఏముందో విప్పి చూద్దామని బ్లేడు తీసుకున్నాను. పోయిన మనిషిని కూడా తనిఖీ చెయ్యబోయాను. ఇంతలో పాప వచ్చి బొంత మీద బోర్లా పడుకుంది.

"ఇక్కడ మందంగా ఉంటుందమ్మా, నాకు ఇక్కడే ఇష్టం."

బ్లేడు పక్కన పెట్టాను. "ఇంకా ఎక్కడెక్కడ ఉంటుంది?" అని అడిగాను.

పాప అరచెయ్యి నీలం మీద ఒక్కోచోట ఆగుతూ పోయింది. ఏడో చోట ఆగి, "అంతే" అంది.