కరెంటు పోయిన రోజు

భద్రాచలం బస్టాండు ఎదురుగా మా టైపు సారు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. కల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం కుటుంబం ఆయనది. మా వీధికి మొదటి కంప్యూటర్ ఆయనే తెచ్చారు. మేము రెండు వాక్యాలు కొట్టగానే వెనక నుంచి "సేవ్ చేసినవా, బేటీ?" అని అడిగేవారు. ఇప్పుడు ఫోన్లు అన్నీ వాటంతటవే దాచుకుంటున్నాయి. అయినా నాకు ఆ గొంతు వినిపిస్తూనే ఉంటుంది.

ఒకనాడు సాయంత్రం అడవి లోపలి ఊరి నుంచి ఒక కోయ పెద్దాయన వచ్చాడు. వాళ్ళ పిల్లలు బడికి వెళ్ళాలంటే వాగు దాటాలి. మర్నాడు ఆ ఊరికి కలెక్టర్ వస్తున్నారు. వంతెన కావాలని పెద్దాయన చెబుతుంటే నేను కంప్యూటర్‌లో అర్జీ కొట్టాను. ఆఖరి వాక్యంలో కరెంటు పోయింది. నేను సేవ్ చేయలేదు.

"మా ఊరికి గిదే ఆఖరి బస్సు సారూ," అన్నాడు పెద్దాయన. నాకు ఏడుపు వచ్చింది.

సారు మూలనున్న పాత తెలుగు టైప్‌రైటర్ దుమ్ము దులిపి కూర్చున్నారు.

"మళ్ల చెప్పన్నా, జల్దీ కొడ్త."

అర్జీ పూర్తయ్యేసరికి బస్సు కదిలింది. సారు పరుగెత్తి దాన్ని ఆపి పెద్దాయనను ఎక్కించారు. రొప్పుతూ వచ్చి, "కరెంటు వస్తది బేటీ, కూసో," అన్నారు.

కొన్నాళ్ళకు వాగు మీద వంతెన కట్టారు. ఆ మాట చెప్పడానికి పెద్దాయన తేనె సీసాతో వచ్చేసరికి సారు చనిపోయి నెల దాటింది. నేనే ఆయనను సారు భార్య దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె సీసా అందుకుని, వంతెన ఎట్లుందో మొత్తం చెప్పించుకుంది.